ఒంటి చెప్పు పిల్ల

లోహితకు మనశ్శాంతి లేకుండా చేసింది ఒక బొమ్మలోని పిల్ల. ఆ పిల్లకు పేరు లేదు, మాట లేదు. ఒకే ఒక్క బొమ్మలో, రేవులో జనం మధ్య, ఒక కాలికే చెప్పుతో నిలబడి ఉంటుంది. చిక్కల్లా అక్కడే. కథ ప్రకారం ఆ పిల్ల అప్పటికి కొన్నేళ్ళ ముందే చచ్చిపోయింది.

సంగతి మొదటినుంచి చెప్పుకోవాలి. రాజమండ్రిలో రుక్మాంగదం మాస్టారని ఒక బొమ్మలాయన ఉన్నారు. ఒకప్పుడు వారపత్రికలో ఆయన గీసిన 'జలస్తంభుడు' కోసం పిల్లలు కొట్ల ముందు కాచుకుని ఉండేవారు. జలస్తంభుడంటే గోదావరిని అరచేత్తో ఆపగల వీరుడు. ముఖానికి రాగి తొడుగు, భుజాన ఎప్పుడూ తడిగా ఉండే కండువా. అంతటివాడికీ మొదటి కథలోనే ఓటమి. పడవ తిరగబడి ఒక చిన్నపిల్ల నీళ్ళలోకి జారిపోతుంది. అతను చేరేసరికి ఆలస్యమైపోతుంది. పిల్ల చెప్పు ఒక్కటే నీటి మీద తేలుతూ కనిపిస్తుంది. ఆ చెప్పును నడుముకు కట్టుకుని, ఇక మీద ఎవర్నీ మునగనివ్వనని అతను ఒట్టు పెట్టుకుంటాడు. కథంతా ఆ ఒట్టు మీదే నిలబడింది.

అంతా బాగానే నడుస్తుండగా, ఒక సంచికలో మాస్టారు ఆ పిల్లను మళ్ళీ గీసేశారు. అదే గళ్ళ గౌను, అవే రెండు పిలకజడలు. కుడికాలికి చెప్పుంది, ఎడమకాలికి లేదు. ఎవరో వేరే పిల్ల అనుకుందామన్నా వీల్లేకుండా ఆ ఒంటి చెప్పు పట్టిచ్చేసింది.

అభిమానులు ఊరుకునే రకమా. సొంత పెళ్ళిరోజు మర్చిపోతారుగానీ పాత సంచికలో ఏ మూల ఎవరు నిలబడ్డారో మర్చిపోరు. ఉత్తరాలు కట్టలు కట్టలుగా వచ్చాయి. పొరపాటైందని ఒప్పుకోవడానికి పత్రికవాళ్ళకు నామోషీ. "అది ఈ లోకం కాదు, రెండో లోకం. అక్కడ జలస్తంభుడు వేళకు చేరుకున్నాడు, పిల్ల బతికింది" అని అచ్చువేసి చేతులు దులుపుకున్నారు. ఇక పట్టపగ్గాల్లేవు. మూడో లోకంలో జలస్తంభుడే మునిగిపోయాడు. నాలుగోదాంట్లో అతనే దొంగ. మరోచోట అసలు గోదావరే లేదు, ఎండిన ఇసుకలో రాగి తొడుగొకటి దొరుకుతుంది. పెళ్ళిళ్ళలో చుట్టరికాలు విప్పి చెప్పే పెద్దమ్మల్లాగా, ఏ లోకంలో ఎవరు బతికున్నారో చెప్పడానికి ఒక మనిషి కావలసివచ్చింది.

కొన్నేళ్ళకు ఆ మనిషి లోహిత అయింది. ఆదివారం పూట గోదావరి గట్టు పక్కన ఒక టీకొట్టు మేడమీద అభిమానులు చేరి వాదులాడుకునేవారు. లోహిత వచ్చి తీర్పు చెప్పేదాకా ఏ వాదమూ తెగేది కాదు. వాళ్ళామెకు జడ్జిగారని పేరు పెట్టారు. ఆ పేరు ఆమెకు నచ్చింది కూడా. తర్వాత మాస్టారి దగ్గర శిష్యురాలిగా చేరింది. కుంచె పట్టడం, ఇంకు వేయడం నేర్చుకుంది. ఇప్పుడు కొత్త ప్రచురణకర్త ఒకాయన పాత కథలన్నీ మళ్ళీ వేస్తానని, కొత్త కథ రాసే పని ఆమెకే అప్పజెప్పాడు.

ఆ కొత్త కథకు లోహిత పెట్టిన పేరు 'ఏకార్ణవం'. అన్ని లోకాలూ మునిగి ఒకే సముద్రమవుతాయి. నీరు తీసేసరికి మొదటి లోకం ఒక్కటే మిగులుతుంది. పాత తప్పుల తాలూకు ఆనవాళ్ళేవీ ఉండవు. లోకాలన్నిటినీ ఒక్కటి చేసే ఇంత గొప్ప కథ ఇంతవరకూ ఎవరూ రాయలేదని ఆమెకు లోలోపల గర్వంగానే ఉంది.

టీకొట్టు మేడమీద ఆ మాట చెప్పగానే అందరూ చప్పట్లు కొట్టారు. తులసీరాం ఒక్కడే కొట్టలేదు. అతను మందుల కంపెనీలో పనిచేసే నలభయ్యేళ్ళ మనిషి, మొదటి సంచిక నుంచీ చదువుతున్నవాడు.

"రెండో లోకం కూడా తీసేస్తారాండీ?" అన్నాడు.

"అన్నిటికన్నా ముందు అదే పోవాలి. తప్పు మొదలైంది అక్కడే కదండీ."

"పాపం, ఆ పిల్ల మీకేం చేసిందండీ? ఓ మూల నిలబడి చూస్తంది, అంతేగా."

"ఆ పిల్ల బతికుంటే ఒట్టు అబద్ధమవుతుంది తులసీరాం గారూ. ఒట్టు అబద్ధమైతే కథే లేదు. నీళ్ళలో పడ్డ పిల్ల మునిగిపోవాలి."

ఆ చివరి మాట ఆమె అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. తులసీరాం చల్లారిన టీ తాగేసి లేచి వెళ్ళిపోయాడు.

ఆ మాట అంత గట్టిగా రావడానికి కారణముంది. లోహితకు అయిదేళ్ళప్పుడు, గోదారికి వరదతో ఎర్రనీరు వచ్చిన రోజుల్లో, తాతయ్యతో కలిసి ఏటి మధ్యనున్న లంక ఊరి నుంచి వస్తుంటే పడవ తిరగబడింది. తాతయ్య దక్కలేదు. ఇంకా కొందరు దక్కలేదు. లోహితను మాత్రం రేవుకు చాలా దిగువన, ఒడ్డు మీద కూర్చుని ఉండగా జాలరులు చూశారు. ఎవరు తీశారో, అక్కడ ఎవరు కూర్చోబెట్టారో ఈరోజుకీ తెలియదు. ఇంట్లోవాళ్ళు దేవుడనేవారు. తాతయ్యను వదిలేసి తనను ఎందుకు తీశాడా దేవుడని ఆమెకు చిన్నప్పటినుంచీ కోపం. అందరూ వెళ్ళిపోయాక తానొక్కతే పొరపాటున మిగిలిపోయినట్టు ఆమెకు ఎప్పుడూ అనిపించేది. ఆ సంగతి ఎవరికీ చెప్పేది కాదు. రైలు బ్రిడ్జి మీద పోతున్నప్పుడు మాత్రం కిటికీ వైపు చూసేది కాదు.

సరే, పాత కథలు మళ్ళీ వేయాలంటే ఆ రేవు బొమ్మలోంచి పిల్లను తీసేయాలి. కంప్యూటర్లో అయితే నిమిషం పని. కానీ మాస్టారి దగ్గర ఒక షరతుంది. తన బొమ్మ దిద్దాలంటే తాను మొదట గీసిన అట్ట మీదే, కుంచెతో, తన కళ్ళెదుట దిద్దాలి. అందుకని లోహిత ఒక మధ్యాహ్నం ఆయన ఇంటికి వెళ్ళింది. చెప్పులు రెండూ మెట్ల దగ్గర విడిచి పైకెక్కింది.

మాస్టారి గది కిటికీ గోదావరి వైపుకే ఉంటుంది. ఆ రోజుల్లోనే ఎర్రనీరు వచ్చింది. కొట్టుకొస్తున్న దుంగలు, గుర్రపుడెక్క మొక్కల గుంపులు కిటికీలోంచి కనిపిస్తున్నాయి. లోహిత నదికి వీపు పెట్టి కూర్చుంది.

మాస్టారు అడ్డుపడతారని ఆమె దారిపొడవునా జవాబులు సిద్ధం చేసుకుని వచ్చింది. ఆయన అడ్డుపడలేదు. చెక్కపెట్టెలోంచి అట్ట తీసి ఆమె ముందు పెట్టారు.

"ఇదేనా?"

"ఇదేనండి మాస్టారూ."

"అయితే చెరుపు."

తెల్లరంగు సీసా మూత తీసి పెట్టారు. దాని పక్కనే నల్ల ఇంకు, అన్నిటికన్నా సన్న కుంచె పెట్టారు.

"ముందు కళ్ళు మూయి."

అది ఆ ఇంటి పద్ధతి. బొమ్మలో ఉన్న మనిషిని తీసేయాలంటే కళ్ళు తెరిచి ఉండగా తెల్లరంగు పూయకూడదు. ముందు రెప్పలు గీసి, కళ్ళు మూసినట్టు చేసి, ఆ తర్వాతే పూయాలి. మాస్టారికి వాళ్ళ నాన్న నేర్పారు, మాస్టారు తన శిష్యులందరికీ నేర్పారు. శిష్యులు చాటుగా నవ్వుకునేవాళ్ళుగానీ ఆ పద్ధతి తప్పేవాళ్ళు కాదు. లోహిత కూడా చాలామంది సైనికులకు, చేపలమ్మేవాళ్ళకు అలా కళ్ళు మూసింది. పెద్ద పనేం కాదు.

కుంచె తడిపి అట్ట మీదకు వంగింది.

అచ్చులో ఆ పిల్ల ముఖం ఎప్పుడూ ఒక మసక చుక్కే. అసలు బొమ్మను లోహిత చూడటం ఇదే మొదలు. జనమందరూ రేవులోకి దిగుతున్న జలస్తంభుడి వైపు చూస్తున్నారు. పిల్ల మాత్రం అతని వైపు చూడటం లేదు. అట్టలోంచి బయటికి, తిన్నగా తన మీదకు వంగినవాళ్ళ వైపు చూస్తోంది. జడల కొసలు భుజాలకు అతుక్కుని ఉన్నాయి, ఇప్పుడే తడిసినట్టు.

లోహితకు అదోలా అనిపించింది. అయినా ఎడమకన్ను మీద రెప్ప గీసింది.

వెంటనే ఎడమచెవిలో ఫ్యాను చప్పుడు ఆగిపోయింది. తలెత్తి చూస్తే ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఎడమవైపు అంతా మూతపడి, ఎక్కడో దూరంగా హోరులాంటిది వినిపిస్తోంది. నీళ్ళలో తల ముంచితే వినపడే హోరు అది. నోట్లో బురద రుచి తగిలింది. ఎడమకంటికి వెలుతురు తగ్గుతూ తగ్గుతూ ఎర్రగా మారింది.

కుడికన్ను మీద కూడా రెప్ప గీయాలని కుంచె ఎత్తింది. కాళ్ళ దగ్గర చల్లగా తగిలితే కిందకు చూసింది. నేల పొడిగానే ఉంది. ఆమె ఎడమపాదం మాత్రం చీలమండ దాకా తడిసి ఉంది. వేళ్ళ సందుల్లో ఎర్రమట్టి.

మాస్టారు కిటికీ దగ్గర నిలబడి నదిని చూస్తున్నారు. ఇటు తిరగకుండానే అడిగారు.

"నిన్ను గట్టు మీద చూసినప్పుడు కాళ్ళకేముందమ్మా?"

పడవ సంగతి ఆమె ఆయనకు ఎన్నడూ చెప్పలేదు. ఎలా తెలుసని అడగకుండానే జవాబు చెప్పింది.

"ఒక చెప్పుందండి."

"ఏ కాలికి?"

లోహిత బొమ్మ వైపు చూసింది. "కుడికాలికి."

"ఈ సంచిక ఎప్పుడొచ్చింది?"

ఏ సంచిక ఏ వారం వచ్చిందో నిద్రలో లేపి అడిగినా చెప్పగల మనిషి ఆమె. ఆ వారమూ తెలుసు. పడవ మునిగిన వారమూ తెలుసు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడలేదు.

"ఆ వారమేనండి" అంది.

మాస్టారు వచ్చి ఇంకు సీసాను ఆమె చేతికి అందేలా దగ్గరకు జరిపారు.

"ఇంకో కన్నుంది. కానివ్వు."

ఆ మాటలో కోపం లేదు, ఎగతాళి లేదు. ఆయన నిజంగానే ఎదురుచూస్తున్నారు. అది అర్థమయ్యాక లోహితకు భయమేసింది. పుట్టి బుద్ధెరిగాక అంత భయం ఆమె ఎరగదు. ఇన్నాళ్ళూ తాను దక్కకపోయినా బాగుండేదనుకున్న మనిషి, ఇప్పుడు ఊపిరి కోసం నోరు తెరిచింది. బతకాలనిపించింది. తాతయ్య లేకపోయినా, ఎవరు తీశారో తెలియకపోయినా, బతకాలనే అనిపించింది.

కుంచె కింద పెట్టేసింది. దూది తడిపి, పిల్ల ఎడమకన్ను మీద మెల్లగా అద్దింది. పాత ఇంకు కదలదు. తాను వేసిన గీత ఇంకా ఆరలేదు. ఒక అద్దుకు కొంత, రెండో అద్దుకు మరికొంత లేచి, కన్ను మళ్ళీ తెరుచుకుంది.

చెవిలో ఫ్యాను చప్పుడు తిరిగి వచ్చింది. లోహితకు ఏడుపు వచ్చింది. కన్నీళ్ళు అట్ట మీద పడతాయేమోనని మాస్టారు దాన్ని పక్కకు జరిపారు.

"ఇది తప్పేనా మాస్టారూ?" అని అడిగింది చివరికి.

"తప్పే. నేనే చేశాను."

"తెలిసే చేశారా?"

ఆయన అట్టను పెట్టెలో పెట్టి మూత వేశారు. "ఈ పిల్లను గీసిన పూట గోదారి ఇలాగే ఉంది" అన్నారు. పెట్టెను మూలకు జరిపి, "తప్పే. ఉండనీ" అన్నారు.

ఏకార్ణవం ఏమవుతుందని ఆమె అడగలేదు. ఆయనా చెప్పలేదు. లోహిత దణ్ణం పెట్టి లేచి, కిటికీ దగ్గరకు వెళ్ళి, చాలా ఏళ్ళ తర్వాత మొదటిసారి గోదావరిని కళ్ళారా చూసింది. ఎర్రటి నీరు తన దారిన తాను పోతోంది.

కిందకు దిగింది. మెట్ల దగ్గర కుడి చెప్పు ఒక్కటే ఉంది. కుక్కేమైనా లాక్కెళ్ళిందేమోనని వాకిలంతా చూసింది. పూలకుండీల వెనక చూసింది. ఎడమ చెప్పు విడిచిన చోట మెట్టు మీద చిన్న తడి మరక ఆరుతోంది. చిన్నపిల్ల అడుగంత ఉంటుందేమో.

ఆమె దాని వైపు వంగబోతుంటే పైనుంచి మాస్టారి గొంతు వినిపించింది.

"ఉన్నది వేసుకుని ఇంటికెళ్ళమ్మా. రెండోదాని కోసం వెతక్కు."