గంప కింద తల

కూర్మాచార్యులు గారు ఇరవై ఏళ్ళుగా యానిమేషన్ నేర్పుతున్నారు గాని, ఏ శిష్యుడి ప్రశ్నకూ తిన్నగా జవాబు చెప్పిన పాపాన పోలేదు. అడిగినవాళ్ళ చేత ఏదో ఒక పని చేయించడమో, తానే చేసి చూపడమో ఆయనకు అలవాటు.

విశాఖలో ఆయన దగ్గర నేర్చుకుంటున్న నూకరత్నం, కోర్సు చివరి ప్రాజెక్టుగా, గంపెడు చేపలు నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగే తన తల్లి నడకను అర నిమిషం బొమ్మగా చేసింది. పరీక్షకుడు పెదవి విరిచాడు. మనిషి అడుగు వేసినప్పుడల్లా తల కిందికి దిగి పైకి లేవాలనీ, నడకకు అదే మొదటి సూత్రమనీ, ఈ బొమ్మలో ప్రాణం లేదనీ అన్నాడు. శనివారంలోగా తల ఊగేలా దిద్దకపోతే సంతకం పెట్టనన్నాడు. ఆ సంతకం లేకపోతే హైదరాబాదు స్టూడియోలో ఖాయమైన ఉద్యోగం పోతుంది. అయినా సరే, ఒక్క గీత కూడా మార్చనని పదిమందిలో ఆయన ముఖం మీదే చెప్పి వచ్చింది నూకరత్నం. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకమని తోటివాళ్ళు నవ్వుకున్నారు. ఆమెకు మాత్రం కడుపు మండిపోయింది. ఆ నడకతోనే తల్లి తనను ఇంతవరకూ చదివించింది మరి.

నేరుగా క్లాసులో ఉన్న గురువు దగ్గరికి వెళ్ళి అడిగింది: "సూత్రం తప్పా మాస్టారూ, మాయమ్మ తప్పా?"

ఆచార్యులు గారు వెడల్పాటి బేసిన్ నిండా నీళ్ళు తెప్పించి, తువ్వాలును చుట్టకుదురుగా చుట్టి, బేసిన్ నెత్తిన పెట్టుకుని, పుస్తకంలో ఉన్నట్టే అడుగడుక్కీ తల దించుతూ, ఎత్తుతూ నడిచారు. నాలుగో అడుగుకల్లా చొక్కా తడిసి ముద్దయింది. క్లాసులో ఎవరూ నవ్వు ఆపుకోలేకపోయారు. ఆయన మళ్ళీ నీళ్ళు నింపి, బేసిన్ నూకరత్నం నెత్తికెత్తి, ఆమె నడకను ఫోన్‌లో వీడియో తీశారు. గది ఈ చివరి నుంచి ఆ చివరికి చుక్క ఒలకలేదు. ఇప్పుడేమంటారన్నట్టు నూకరత్నం అందరి వంకా చూసింది.

ఆయన ఆ వీడియో ఒక పక్క, ఆమె ప్రాజెక్టు ఒక పక్క పెట్టి ఆడించారు. రెండింటిలోనూ తల ఒకే ఎత్తున సాగిపోతోంది. కాని వీడియోలో ఆ తలను నిలపడానికి నడుము అటూ ఇటూ ఊగుతోంది, మోకాళ్ళు వంగి లేస్తున్నాయి. ప్రాజెక్టులో నడుము పాతిన గుంజలా ఉంది. నూకరత్నం చిన్నప్పుడు తల్లి వెనకాల నడుస్తూ, గంప ఎక్కడ పడిపోతుందోనని ఎప్పుడూ పైకే చూసేది. నడుము వంక ఒక్కనాడూ చూడలేదు.

"అయితే ఆ పరీక్షకుడి మాటే నెగ్గినట్టా?" అంది. కళ్ళలో నీళ్ళున్నా గొంతులో పౌరుషం తగ్గలేదు.

ఆచార్యులు గారు చొక్కా కొస పిండుకుంటూ అన్నారు: "తల అలాగే ఉంచు. నడుము మళ్ళీ గియ్యి. ఆయన అడిగితే, ఈ చొక్కా చూపించు."