గురువారమ్మ చల్లిన బూడిద

అనగనగా అంటే ఎన్నేళ్ల కిందటో నన్నడక్కండి. మా తాతకి వాళ్ల తాత చెప్పేనాటికే పాతబడిపోయిన కథ ఇది. మన్నెంలో ఒక మెట్ట. మెట్టకి ఇవతల ఒక ఊరు, అవతల ఒక ఊరు. నడుమ ఒకటే కాలిదారి.

ఇవతలి ఊళ్లో గురువారి అని ఓ ముసలిది ఉండేది. గురువారం పుట్టింది, అంతకన్నా పేరు వెతికే ఓపిక ఎవరికుంది? పండగొచ్చినా పెళ్లొచ్చినా వంట కాగులు తోమేది ఆవిడే. ఎప్పుడు చూసినా మోచేతుల దాకా బూడిదే. అందుకని అందరూ "బూడిద ముసలి" అనేవారు. ఆవిడ పట్టించుకునేది కాదు. ఎదురుగా అంటే మాత్రం తిట్టేది, అది వేరే సంగతి.

ఒక ఏడు కార్తీకం వెళ్లీ వెళ్లగానే ముసురు పట్టింది. మూడు రోజులు వదల్లేదు. కట్టెలు తడిశాయి, పొయ్యిలు తడిశాయి, చెకుముకి దూది కూడా తడిసింది. ఊళ్లో అగ్గి అన్నదే లేకుండా పోయింది. ముసురు విడిచిందో లేదో చలి దిగింది. ఎలాంటి చలనుకున్నారు! మెట్ట మీద రాళ్లపై నీళ్లు గడ్డకట్టి గాజులా మెరిశాయి.

గురువారి మనవరాలు కాసులమ్మ అప్పటికి నాలుగు రోజుల బాలింత. కుంపటి లేక పసిగుడ్డు చేతులు నీలంగా మారాయి. ఏడవడానికి కూడా ఓపిక లేదు. అవతలి ఊరి నుంచి అగ్గి తేవాలి. తేకపోతే పిల్ల దక్కదు.

మొదట ఒక మొనగాడు వెళ్లి కాగడా తెచ్చాడు. గాలికి ఆరిపోయింది. రెండోవాడు కుండలో నిప్పులు తెచ్చాడు. జారి పడ్డాడు, కుండ పగిలింది.

"ఈసారి నానెల్తాను," అంది గురువారి.

"ఓలమ్మ! నువ్వా? ఆ రాళ్ల మీద వయసోళ్లే నిలబడ్లేదు!" అన్నారు ఊళ్లోవాళ్లు.

"ఆళ్లెప్పుడైనా జిడ్డు కాగు పట్టుకున్నారేట్రా?" అంది. ఎవరికీ అర్థం కాలేదు.

వెళ్లేటప్పుడు ఖాళీ చేతులే కదా, పాకుతూ దేకుతూ వెళ్లింది. అవతలి ఊళ్లో మొదటి ఇల్లు పోలమ్మది. మంచిదే పాపం. మూడు నిప్పు కణికలు కుండలో వేసి, గాలికి కాలిపోకుండా పైన బూడిద కప్పింది.

"ఇంకో కుండెడు బూడిద పెట్టవే తల్లీ, దారికి కావాలి."

"అగ్గి ఎంతైనా ఇస్తానప్పా. వట్టి బూడిద గడప దాటితే ఇంట్లో కలిమి పోద్ది. అదొక్కటీ అడక్కు," అంది పోలమ్మ.

ఆ రోజుల్లో ఆ మెట్ట చుట్టూ అందరికీ అదే పట్టింపు. గురువారి ఉన్న కుండే ఎత్తుకుని బయల్దేరింది.

నీళ్లు గడ్డకట్టిన మొదటి రాయి వచ్చింది. కాలు పెడితే జర్రుమంది. కుండలోంచి గుప్పెడు బూడిద తీసి రాయి మీద చల్లింది. బూడిద రాస్తే జిడ్డు కాగు మీద చేతికి పట్టు దొరికినట్టు కాలికి పట్టు దొరికింది. దాటింది. కానీ పైన బూడిద తగ్గి నిప్పుకి గాలి తగిలింది. ఒక కణిక కాలిపోయింది.

రెండో రాయి. గుప్పెడు తీసింది, చల్లింది, దాటింది. రెండో కణికా కాలిపోయింది.

మూడో రాయి దగ్గరికొచ్చేసరికి కుండలో ఒకటే కణిక, దాని మీద ఒకటే గుప్పెడు. చల్లితే నిప్పు దక్కదు. చల్లకపోతే అడుగు పడదు. గురువారి అక్కడే నిలబడి ఏడ్చింది. అవును మరి, అంతలేసి తిట్లు తిట్టే ముసలికీ ఏడుపొస్తుంది.

ఏడ్చి ఏడ్చి తన చేతులకేసి చూసుకుంది. కాగులు తోమి తోమి కాయలు కాసిన చేతులు. "మీరున్నారు కదే," అంది వాటితో. ఆ గుప్పెడూ చల్లేసి, కణిక మీద అరచెయ్యి బోర్లించింది. కాలుతుంటే "ఓలమ్మో, ఓలమ్మో" అంటూనే ఇంటికొచ్చి పడింది.

అటక మీద దాచిన పొడి ఊకలో ఆ కణిక వేశారు. ముందు పొగ. మళ్లీ పొగ. ఆ తర్వాత మంట. కాసేపటికి పసిది కెవ్వుమంది. ఆ ఏడుపు విని ఊరంతా నవ్వింది.

గురువారి చెయ్యి మళ్లీ సరిగ్గా ముడుచుకోలేదు. అయినా ఏటా తొలి గడ్డమంచు పడ్డ పొద్దున తన పొయ్యి బూడిద తీసుకెళ్లి ఆ మూడు రాళ్ల మీద చల్లి వచ్చేది.

"కలిమి పోద్దే ముసలీ!" అనేవారు.

"నా కలిమి అదిగో, మేకల ఎనకాల పరిగెడతంది సూడండి," అని మునిమనవరాల్ని చూపించేది.

కొన్నేళ్లకి ముసలిది పోయింది. ఆ ఏడు తొలి మంచు నాడు, ఎవరూ అడక్కుండానే, పోలమ్మ తన పొయ్యి ఊడ్చి కుండెడు బూడిద గడప బయట పెట్టింది. "దారినెల్లేవోళ్లు తీసుకోండి," అని కళ్లు తుడుచుకుంది. పక్కింటివాళ్లూ పెట్టారు. ఆ పక్కింటివాళ్లూ పెట్టారు.

ఇప్పటికీ చలికాలం వస్తే ఆ రెండు ఊళ్లలో గడప బయట బూడిద కుండ ఉంటుంది. మెట్ట దాటేవాళ్లు మూడు గుప్పిళ్లు మూట కట్టుకుంటారు. రాయి మీద చల్లి, "గురువారమ్మా, చెయ్యియ్యి," అని అడుగేస్తారు. అలా అడిగినవాళ్లు ఒక్కరూ జారలేదంటారు. నేను జారాను లెండి. అడక్కుండా వెళ్లాను మరి.

కథ మెట్ట దాటింది. ఇక మీ మీ పొయ్యిలు చూసుకోండి.