దణ్ణం పెట్టిన వరి

పూర్వం ఒక రాజ్యంలో, రైతుల దగ్గర రాజభాగం వసూలు చేసే అధికారి భుజంగరావుకి పొగడ్తలంటే ప్రాణం. పొలం గట్టు దాకా పల్లకీలోనే వెళ్ళేవాడు. కాలికి బురద అంటితే కదా రైతు కష్టం తెలిసేది!

ఆ ఏడు నూకాలు అనే రైతు తన వరి కోసం నానా పాట్లూ పడింది. దోమ పడితే వేపకషాయం చల్లింది, ఎలుకల్ని పట్టే బుట్టలు పెట్టింది. తీరా గింజ గట్టిపడే వేళ గాలివాన వచ్చి చేనంతా నీళ్ళలో పడుకోబెట్టింది.

"బాబూ, చేను పడిపోయింది. ఉన్న కాసిని గింజలూ తీసుకుపోతే నాకు విత్తనాలకైనా మిగలవు," అంది నూకాలు, వసూలుకి గట్టు మీదికొచ్చిన భుజంగరావుతో.

భుజంగరావు మీసం దువ్వాడు. "పడిపోవడమేమిటే? నన్ను చూసి సాష్టాంగపడింది. రాజభాగం పూర్తిగా కొలువు!"

భటులు పకపకా నవ్వారు. నూకాలుకి ఒళ్ళు మండింది. అయినా చేతులు జోడించింది.

"నిజమే బాబూ, నా మట్టిబుర్రకి తట్టలేదు. మరి కాళ్ళమీద పడ్డవాళ్ళని పెద్దలు దీవించి లేవమనాలి కదా! తమరి మాటకి చేను లేచిందా, గింజ మిగల్చకుండా కొలుస్తాను. లేవలేదా, పడగొట్టింది గాలివానేనని ఒప్పుకొని వదిలెయ్యండి."

ఊరంతా చూస్తోంది. కాదంటే తన గొప్ప అక్కడే పోతుంది. భుజంగరావు చెయ్యెత్తి "లే!" అన్నాడు.

వరి కదల్లేదు.

"కాస్త గట్టిగా అనండి బాబూ, చెవుల్లోకి నీళ్ళు పోయాయేమో!"

ఈసారి భటులు కూడా నవ్వు ఆపుకోలేకపోయారు. భుజంగరావు మొహం కందగడ్డ అయింది. "రాజభాగం మాఫీ!" అని అరిచి పల్లకీ వెనక్కి తిప్పించాడు.

"వెళ్ళి రండి బాబూ!" అని వెనకనుంచి కేకేసింది నూకాలు. "వచ్చే ఏడు నిలబడే దణ్ణం పెట్టమని చేనుకి చెబుతాను!"