యోహాను తాత టిక్కు

నాటకం కరపత్రం మొత్తం నా ఫాంట్‌లోనే రావాలి. మాస్టారితో నా గొడవంతా అదే.

ఆరు నెలలు కూర్చుని చేశా ఆ ఫాంట్. లావు గీత బొటనవేలంత, సన్న గీత వెంట్రుకంత. ల్యాప్‌టాప్‌లో జూమ్ చేసి చూస్తే మతి పోద్ది, ఒట్టు.

మాస్టారంటే రహంతుల్లా గారు. తెనాల్లో బోర్డులు రాసీ రాసీ ఇప్పుడు చిన్న ప్రెస్ పెట్టుకున్నారు. అక్షరం వెయ్యడం ఆయన దగ్గరే నేర్చుకున్నా. ఎవర్నైనా మెచ్చుకోవాలంటే మాత్రం ఆయనకి ప్రాణం మీదికొస్తది.

ఫాంట్ చూసి, పైన నాటకం పేరుకి పెట్టు, కింద మనుషుల పేర్లు మామూలు అక్షరాల్లో వేద్దాం అన్నారు. నేను ఒప్పుకోలా. మీ చెయ్యి వణుకుద్ది కాబట్టి సన్న గీతంటే మీకు భయం అని కూడా అనేశా. నా నోరు అంతే.

ఆయన కోప్పడలా. "సరే. మొత్తం దాంట్లోనే పెట్టు" అన్నారు.

గెలిచా అనుకున్నా.

మా ప్రెస్‌లో ఒక పద్ధతుంది. కాగితం మీద ఎవరి పేరుంటే వాళ్లు ప్రూఫ్ చూసి, పేరు పక్కన పెన్సిల్‌తో టిక్కు పెట్టాలి. అన్ని టిక్కులూ పడేదాకా మిషను తిరగదు. ప్రూఫ్ కూడా కరపత్రం వేసే చవక పసుపు కాగితం మీదే తీస్తారు.

ఎప్పుడూ ఆ ప్రూఫ్ పట్టుకుని మాస్టారే అందరి దగ్గరికీ తిరుగుతారు. ఆ రోజు నా చేతిలో పెట్టి, ముందు యోహాను దగ్గరికెళ్లు అన్నారు.

యోహాను తాత ముప్పై ఏళ్లుగా ఆ నాటకం వేసే సమాజానికి హార్మోనియం వాయిస్తున్నాడు. తెర పక్కన కూర్చునే మనిషి కదా, పేరు ఎప్పుడూ వెయ్యలేదు. ఇదే మొదటిసారి.

నేను వెళ్లేసరికి ఉతికిన చొక్కా వేసుకుని, పెన్సిల్ చెక్కుకుని రెడీగా ఉన్నాడు. పైన నాటకం పేరు చూసి, ఎంత సొగసుగా ఉందమ్మా అన్నాడు. నేను ఉబ్బిపోయా.

తర్వాత కిందికొచ్చాడు. పెన్సిల్ ఒక్కో వరస దగ్గర ఆగుతా చివరిదాకా పోయింది. మళ్లీ పైకెళ్లింది. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. గుమ్మం దగ్గర వెలుగులోకి జరిగాడు.

"ఈసారి కూడా చోటు చాల్లేదా అమ్మా? పర్లేదులే."

ఉంది తాతా అని వేలు పెట్టబోయా. నాక్కూడా దొరకలా. సన్న గీతలన్నీ పసుపులో కలిసిపోయి, లావు ముక్కలే మిగిలాయి, చీమలు బారులు తీరినట్టు. నాలుగో వరస అని నాకు గుర్తు కాబట్టి లెక్కపెట్టి చూపించా. తలూపాడు గానీ టిక్కు పెట్టలా.

ప్రెస్‌కొచ్చి నాటకం వాళ్ల పేర్లన్నీ మామూలు అక్షరాల్లోకి మార్చి, కొత్త ప్రూఫ్ తీసుకెళ్లా. యోహాను తాత కళ్లజోడు పెట్టుకోకుండానే టిక్కు పెట్టాడు. అది పై వరస పేరు మీదిదాకా పోయింది.

అందరి టిక్కులూ అయ్యాక మాస్టారు భూతద్దం పెట్టి ప్రూఫ్ చూశారు. అట్టడుగున, అన్నిటికంటే చిన్నగా, నా ఫాంట్‌లో ఒక వరసుంది. అక్కడ ఆగారు.

"నీ పేరా ఇది?"

"అవును మాస్టారూ."

"ఎవరికీ కనపడదు."

"తెలుసు."

పెన్సిల్ నా చేతికిచ్చారు.

"అయితే టిక్కు పెట్టు."