తొమ్మిది గోల్సు

పందొమ్మిది నెలల తర్వాత ఓదెలు ఫుట్‌బాల్ మైదానంలోకి వచ్చి వారమైంది. ఆ వారంలో ప్రాక్టీసులోనే తొమ్మిది గోల్సు కొట్టాడు. అయినా ఆదివారం ఫైనల్ ఆడే పదకొండు మందిలో అతని పేరు లేదు.

బ్లడ్ క్యాన్సర్. హైదరాబాదు ఆసుపత్రిలో అటు మంచం మీదివాడూ పోయాడు, ఇటు మంచం మీదివాడూ పోయాడు. ఓదెలు మిగిలాడు. తిరిగొచ్చాక అతన్ని బొగ్గుగనిలోకి దిగనివ్వలేదు. పైన దీపాల గదిలో కూర్చోబెట్టారు. దిగేవాళ్లకు టోపీ దీపాలు అందివ్వడం అతని పని. అది ఓర్చుకున్నాడు. ఆటలో కూడా కూర్చోబెడితే మాత్రం ఓర్చుకోదలచలేదు.

గని జట్టుకు కోచ్ మొండయ్య సార్. ముప్పై ఏళ్లు బొగ్గు కొట్టి రిటైరైన మనిషి. ఎడమ మోకాలు గనిలోనే పోయింది. కుంటుతూ నడుస్తాడు.

"నిన్న మూడు కొట్టిన సార్. గట్టన్నంతటోన్ని దాటి కొట్టిన. ఇంకేం జేయాలె?"

గట్టయ్య ఎలాంటి డిఫెండరో జిల్లాలో ఫార్వర్డ్‌లందరి కాళ్లకూ తెలుసు. పక్కనే బూటు లేసు కట్టుకుంటున్న అతను తలెత్తలేదు.

సార్ చెప్పులు విడిచి, పోయి గోలు ముందు నిలబడ్డాడు.

"బంతి దీస్కో. నన్ను దాటిపో."

"ఫైనల్ సారే ఆడుతడేమోరా!" అని ఎవరో నవ్వారు.

ఓదెలు బంతితో ఉరికాడు. రెండడుగుల దూరంలో ఆ మోకాలు కనిపించింది. వేగం తగ్గించాడు. బంతిని కాస్త ముందుకు పోనిచ్చాడు, అందేలా. సార్ పాదం చాపి ఆపేశాడు.

"అగో, దొరికింది. ఆదివారం నేను గూడ ఆడొచ్చు."

ఓదెలు నవ్వబోయాడు. సార్ నవ్వడం లేదు.

"ఎందుకిచ్చినవ్?"

"మీ మోకాలు..." అని ఓదెలు ఆగిపోయాడు.

మెల్లగా తిరిగి గట్టయ్యను చూశాడు. గట్టయ్య నేల చూశాడు. మిగతావాళ్లూ అంతే. తొమ్మిది గోల్సు కొట్టినా తన ఒంటికి ఒక్కసారి కూడా మట్టి అంటలేదని అప్పుడు తట్టింది.

"ఎప్పటి సంది, అన్నా?"

"మొదటి రోజు సంది," అన్నాడు గట్టయ్య. "నిన్ను జూస్తే కాలు లేస్తలేదురా."

మొండయ్య సార్ చెప్పులు వేసుకుంటున్నాడు.

"బొగ్గుబాయిల మనిషినేస్కొని స్ట్రెచరొస్తే, ఎవడన్న అడ్డం నిలబడ్తడా?"

ఓదెలు బంతి తీసుకుపోయి నడిమి గీత మీద పెట్టాడు.

"రా, అన్నా."

"వద్దురా."

"రా."

ఈసారి గట్టయ్య వచ్చాడు.

ఓదెలు వెల్లకిలా పడ్డాడు. ఊపిరి అందలేదు. నోట్లో మట్టి, రక్తం. నీళ్లసీసాతో ఉరికొచ్చినవాళ్లను సార్ చెయ్యెత్తి ఆపాడు. గట్టయ్య ముఖం తిప్పుకున్నాడు. ఓదెలు మోకాళ్ల మీదికి లేచాడు, కూలబడ్డాడు, మళ్లీ లేచాడు. దానికి ఎంతసేపు పట్టిందో అందరూ చూశారు. అతనూ చూసుకున్నాడు.

ఆదివారం సంగతి ఇక అడగలేదు. బంతి దగ్గరికి నడిచి, దాన్ని మళ్లీ గీత మీదికి తెచ్చాడు.