ఓడలో ప్రతి చుక్కా దొరదే

పూర్వం ధనదత్తుడనే వర్తకుడి విహార నౌకలో ముంత కల్లు ధర నౌకరు నెల జీతమంత ఉండేది. చెమట కూలీలది, చుక్క దొరది! ఓడ అడుగున ఊరే నీళ్లు తోడే పైడన్న ఇంటి నుంచి కల్లు ముంత దాచి తెచ్చుకుని దొరికిపోయాడు.

"బయటి నుంచి నా ఓడలోకి వచ్చిన ప్రతి చుక్కా నాదే! కొనకుండా ముట్టినవాడి చేతులు నరకండి!" అని ధనదత్తుడు గర్జించాడు.

భటుడు కత్తి దూశాడు. అంతలో పెద్ద కెరటం విరుచుకుపడి, పలకలు విచ్చి, నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి.

"తోడండ్రా!" అని అరిచాడు దొర.

పైడన్నకు ఈత రాదు. అయినా చేతుల్ని చంకల్లో దాచుకున్నాడు.

"ఈ నీళ్లూ బయటి నుంచి వచ్చినవే కదా దొరా! కొనే స్తోమత మాకు లేదు. ముడితే చేతులు పోతాయి."

తోడేవాళ్లు ఒక్కరూ కదల్లేదు. నీళ్లు నడుముకెక్కాయి.

"ఆ ఆజ్ఞ రద్దు! ఎవడి చుక్క వాడిదే! తోడు నాయనా!"

"ఉన్న ముంతలు చాలవు దొరా. తమరి కల్లు కుండలు ఒంపెయ్యాలి."

ధనదత్తుడు ఏడుస్తూ మొదటి కుండ తనే సముద్రంలోకి ఒంపాడు. ఆ కుండలతో అందరూ నీళ్లు తోడితే ఓడ ఒడ్డు చేరింది. ఆ పూట సముద్రం మాత్రం పైసా ఇవ్వకుండా కడుపునిండా తాగింది.