చౌడప్ప అడిగిన అంచు

ధర్మవరంలో హంసవేణి అనే చీరల డిజైనర్ ఉండేది. చేతిలో మంచి పనితనం ఉన్నా, ఆమె మనసెప్పుడూ తన దగ్గర లేని వస్తువు మీదే ఉండేది.

ఆమె కంప్యూటరు టిఫిన్ డబ్బా అంత ఉండేది. తెర మీద బొమ్మలు చూపించే పని కూడా అందులోని ప్రాసెసరే చేసుకునేది. ఒకసారి బెంగళూరులో ఆమె విడి గ్రాఫిక్స్ కార్డున్న పెద్ద కంప్యూటరు చూసింది. దాని తెర మీద ఒక బొమ్మ చీర కట్టుకుని, కుచ్చిళ్లు కదులుతుండగా గిర్రున తిరిగింది. అప్పటి నుంచి హంసవేణికి తన డబ్బా మీద మనసు విరిగింది. పాపం, అదేం తప్పు చేసిందో! పని మధ్యలో చెయ్యి ఆపి, ఆ కుచ్చిళ్లనే తలుచుకుంటూ కూర్చునేది.

ఒకనాడు చౌడప్ప అనే ముసలి నేతగాడు వచ్చి, అరచేతి వెడల్పు పట్టు పేలిక బల్ల మీద పరిచాడు. దాని మీద హంసల అంచు ఉంది.

"మా ఆడమనిషి పెండ్లి చీరది పాపా. నేనే నేసింటి. ఆయమ్మ పోయి పదేండ్లాయ. ఈ అంచు మళ్లా ఒక్కసారి నా చేత్తో నేయాలని ఆశ. నీటికాసులంట, కండ్లు మసకలైతాండాయి. చూపు పోకముందే బిరీన గీసియ్యి" అన్నాడు.

అంచును గడులుగడులుగా గీసి, ఆ గడుల ప్రకారం మగ్గానికి తగిలించే అట్టలకు చిల్లులు కొట్టించాలి. గీయడం రెండు రోజుల పని. కానీ హంసవేణికి ఆ అంచును తిరిగే బొమ్మ మీద చూపించాలనిపించింది.

"కొత్త కార్డు తెప్పిస్తాండా తాతా. అది రానీ, బాగా చేసిస్తా" అంది.

చౌడప్ప ప్రతి ఆదివారం వచ్చి, "వచ్చిందా పాపా?" అని అడిగేవాడు. కొన్నాళ్లకు గోడ పట్టుకుని నడవసాగాడు. తర్వాత రావడం మానేశాడు.

ఐదో నెలలో కార్డు వచ్చింది. దాన్ని బిగించడానికి వచ్చిన మెకానిక్ ఖాదర్‌వలీ డబ్బా మూత తీసి నవ్వాడు.

"ఇందులో దీనికి చోటే లేదక్కా. అయినా గడులు గీసేదానికి ఇదెందుకు? నీ డబ్బానే చాలు."

హంసవేణికి ముఖం చెల్లలేదు. ఆ పూటే పనికి కూర్చుంది. డబ్బా ఒక్కసారి కూడా మొరాయించలేదు. రెండో రోజుకి హంసలన్నీ తెర మీదికొచ్చాయి.

అట్టలు కొట్టించుకుని ఆమె ఇంటికి వెళ్లేసరికి చౌడప్పకు చూపు పూర్తిగా పోయి ఉంది. అతని కొడుకు ఆ అట్టలు బిగించి, మగ్గం మీద జానెడు అంచు నేశాడు. ముసలాయన పక్కన కూర్చుని జరీ మీద వేళ్లతో తడిమాడు.

"ఇదేలే. హంస ముక్కు తగులుతాంది" అన్నాడు. "రంగెట్లుంది పాపా? ఆయమ్మ చీర మాదిరే ఉందా?" అని అడిగాడు.

"అట్లే ఉంది తాతా" అంది హంసవేణి. చెప్తూనే ఏడ్చింది.

లేని వస్తువు కోసం కలలు కంటూ, ఉన్నదానితో అయ్యే పనిని వాయిదా వేయకూడదు. వస్తువు ఎప్పుడైనా దొరుకుతుంది, ఎదురుచూసే మనిషికి దాటిపోయిన కాలం మళ్లీ దొరకదు.